లద్దాఖ్ లైట్లు: మన సైన్యం ఆర్నెల్లు కాపు కాసింది గురుగ్రహాన్నేనా? నమ్మమంటారా?

పల్నాటి_పిల్లోడు
నిన్న రాత్రి మా బావమరిది ఒక వీడియో పంపాడు. 2012లో లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర, థాకుంగ్ వైపు, మన జవాన్లకు రాత్రిళ్లు పసుపు రంగు గోళాలు కనపడేవట. చైనా వైపు కొండల మీంచి లేచి, మూడు నుంచి ఐదు గంటల పాటు నెమ్మదిగా ఆకాశంలో నడిచి మాయమయ్యేవట. ఆగస్టు ఒకటి నుంచి అక్టోబరు సగం లోపే వందకు పైగా సార్లు పైకి రిపోర్టు పంపారు. రాడార్ తెచ్చారు, రేడియో సిగ్నళ్లు పట్టే స్పెక్ట్రమ్ ఎనలైజర్ తెచ్చారు, డీఆర్‌డీఓ, సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్‌ఓ అందరూ దిగారు. ఇంతా చేసి 2013లో తేల్చింది ఏమిటయ్యా అంటే అవి గురుడు, శుక్రుడు అని.

మా ఊళ్లో గొర్రెలు కాసే తాతకు తెలుసు వేగుచుక్క ఏదో. బైనాక్యులర్ చేతికిచ్చి సరిహద్దులో నిలబెట్టిన మనిషికి తెలియదా? నాకు మింగుడు పడటం లేదు. ఏదో దాస్తున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి. వెటకారాలు వద్దు.

ఉల్లిగారెలు
వెటకారం వద్దంటే నేనిక్కడ ఏం చెయ్యాలి అన్నా.

డ్రోనాచార్య
తమ్ముడు సరిగ్గా అడిగాడు. 2013 ఏప్రిల్‌లో లద్దాఖ్‌లోనే దెప్సాంగ్‌లో చైనావాళ్లు గుడారాలు వేసుకుని మూడు వారాలు కదల్లేదు. దానికి ముందు నెలల తరబడి మన పోస్టుల మీద లైట్లు. ఇది కాకతాళీయమా? నిఘా డ్రోన్లే. ఒప్పుకుంటే పరువు పోతుందని గ్రహాల నెత్తిన రుద్దారు. గ్రహాలైతే ఖండన ఇవ్వవు కదా.

గ్రహపాటు
టెలిస్కోపు పిచ్చి ఉన్నవాణ్ణి కాబట్టి ఇది నా పేట. కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

అప్పట్లో పత్రికల్లో వచ్చిన లెక్క ఇది. 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా 329 సార్లు కనపడ్డాయి. అందులో 155 సార్లు వాస్తవాధీన రేఖ దాటి మన వైపు వచ్చాయని రాసుకున్నారు. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ వాళ్లను పిలిచి, ఇవి ఆకాశానివా భూమివా తేల్చండి అని అడిగారు. వాళ్లిచ్చిన జవాబే గురుడు, శుక్రుడు.

ఇప్పుడు ఎవరి మాటా నమ్మక్కర్లేదు. ఫోన్‌లో స్టెల్లేరియం (ఏ తేదీకైనా ఆకాశం చూపించే యాప్) వేసుకుని తేదీ వెనక్కి తిప్పండి, ఊరు లేహ్ అని పెట్టండి. 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటాడు. (అందరం ఎక్స్‌రే ఫిల్ములు అడ్డం పెట్టుకుని చూశాం. అలా చూడకూడదు, అది వేరే గొడవ.) ఆ తర్వాత తెల్లవారుజాము చుక్కగా మారి శీతాకాలం దాకా తూర్పునే ఉన్నాడు. గురుడు ఆ ఏడు వృషభంలో ఉన్నాడు. ఆగస్టు మధ్యలో అర్ధరాత్రి దాటాక ఉదయించాడు. అక్టోబరు మొదట్లో రాత్రి తొమ్మిది దాటాక. నవంబరు మొదట్లో ఏడు దాటాక. డిసెంబరు 3న సరిగ్గా సూర్యుడికి ఎదురుగా వచ్చాడు, అంటే పొద్దుగూకేసరికే తూర్పున హాజరు.

ఆ పోస్టులో నిలబడితే తూర్పున ఏముంది? చైనా.

తూర్పున లేచిన చుక్క పడమటికే నడుస్తుంది. అంటే రోజూ వాస్తవాధీన రేఖ దాటుతుంది. 155 చొరబాట్లు అలా వచ్చినవే.

ఉల్లిగారెలు
సూర్యుడు కూడా రోజూ చొరబడుతున్నాడు. వీసా అడిగారా?

పంచాంగం_పంతులు
గ్రహపాటు గారు చెప్పింది పంచాంగంతో సరిపోయింది. 2012 మే నెలలో నర్మదా పుష్కరాలు వచ్చాయి, మా వదిన వాళ్లు ఓంకారేశ్వర్ వెళ్లొచ్చారు. నర్మదకు పుష్కరం అంటేనే గురుడు వృషభంలో అడుగుపెట్టినట్టు. 2013 మే 31 దాకా అక్కడే. ఆ ఏడు రోహిణి పక్కన, పిల్లలకోడికి కాస్త కింద, ధగధగలాడుతూ ఉన్నాడు. లేహ్‌లో ఉన్న అధికారి ఎవరైనా రాజమండ్రి పంచాంగం ఒకటి పెట్టుకుని ఉంటే ఎనలైజర్ ఖర్చు మిగిలేది.

తెనాలి_తర్కం
పంతులు గారూ, మీ పంచాంగంలో గురుడు ఏ రాశిలో ఉన్నాడో ఉంటుంది గానీ థాకుంగ్‌లో ఎన్నింటికి ఏ కొండ మీద కనపడతాడో ఉండదు. ఆ జవానుకు కావలసింది అదీ.

పల్నాటి_పిల్లోడు
గ్రహపాటు గారూ, బాగానే ఉంది. కానీ వీడియోలో ఇంకో మాట ఉంది. 2012 సెప్టెంబరులో హాన్లే అబ్జర్వేటరీ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి మూడు రోజులు చూశారట. అవి గ్రహాలు కావు, ఉల్కలు కావు అన్నారట. మరి అదేంటి? ఒక శాస్త్రవేత్త కాదంటాడు, ఇంకో శాస్త్రవేత్త అవునంటాడు.

డ్రోనాచార్య
హాన్లేలో ఉన్నది మామూలు దుర్భిణీ కాదు. రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు. పాంగాంగ్‌కు 150 కిలోమీటర్లు. గ్రహమేదో తెలియనివాళ్లు కాదు వాళ్లు. దీనికి జవాబు చెప్పండి ముందు.

గ్రహపాటు
ఇది గట్టి ప్రశ్నే, ఒప్పుకుంటున్నా. నేను గమనించింది ఒకటి. ఆ మాట పత్రికలో వచ్చింది సైన్యాధికారులు చెప్పినట్టుగా. హాన్లేవాళ్లు సంతకం పెట్టిన కాగితంగా కాదు. మూడు రోజులు చూసి ఏమిటో గట్టిగా తేల్చలేకపోయారని కూడా అదే కథనంలో ఉంది. తర్వాత నెలల తరబడి రాసిన చిట్టా చేతికొచ్చాక చెప్పిన జవాబు వేరు. నా మటుకు నేను రెండోదాన్నే నమ్ముతా. మూడు రాత్రుల్లో ఎవరు ఏ దీపం వైపు వేలు చూపించారో మనకు తెలియదు కదా. ఇంకో చిన్న సంగతి: హాన్లే కూడా ఆ బెంగళూరు సంస్థదే. ఆ టెలిస్కోపును తిప్పేది బెంగళూరు పక్కన హోసకోట నుంచి. ఇద్దరు వేరు వేరు శాస్త్రవేత్తల తగవు అనుకోకండి.

రాడార్_రావు
రిటైరయ్యాక నాకు మాట్లాడే అవకాశం ఇన్నాళ్లకు దొరికింది.

అందరూ "రాడార్‌కు కూడా చిక్కలేదు" అని భయంగా చెబుతారు. రాడార్ పని ఏంటి? ఒక పల్స్ వదులుతుంది, అది ఏదైనా వస్తువుకు తగిలి వెనక్కొస్తే ఎంతసేపటికి వచ్చిందో చూసి దూరం చెబుతుంది. కొండ మీద పెట్టే మొబైల్ రాడార్ పదుల కిలోమీటర్ల దూరం కోసం ఉంటుంది. పల్స్ వదిలాక సెకనులో చిన్న ముక్క సేపు చెవి ఒగ్గుతుంది, తర్వాత ఇంకో పల్స్ వదులుతుంది. గురుడు ఆ డిసెంబరులో మనకు దగ్గర దగ్గర 61 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. వదిలిన పల్స్ అక్కడికి వెళ్లి తిరిగి రావడానికే గంటా ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, అది కూడా వస్తే గిస్తే. ఆపరేటర్ ఈలోగా భోజనం చేసి, చెయ్యి కడుక్కుని రావచ్చు.

కాబట్టి తెర ఖాళీగా ఉండటాన్ని "లోహం కాని వస్తువు" అని చదవడం ఒక దారి. "అక్కడ దగ్గర్లో వస్తువే లేదు" అని చదవడం రెండో దారి. స్పెక్ట్రమ్ ఎనలైజర్ కూడా అంతే. డ్రోన్ అయితే నేల మీదున్న వాడితో ఏదో ఒక రేడియో సిగ్నల్‌లో మాట్లాడుతుంది, వీడియో పంపుతుంది. ఏ సిగ్నలూ దొరకలేదన్నారు. డ్రోనాచార్య గారూ, నోరు మెదపని డ్రోన్, రాడార్‌కు తగలని డ్రోన్, ఐదు గంటలు ఎగిరే డ్రోన్, పైగా దీపం వెలిగించుకుని వచ్చే నిఘా డ్రోన్. దొంగతనానికి వచ్చేవాడు డప్పు కొట్టుకుంటూ వస్తాడా?

ఉల్లిగారెలు
మా వీధిలో వస్తాడు. గూర్ఖా వేషంలో.

డ్రోనాచార్య
రావు గారూ, భయపెట్టడానికి వచ్చేవాడు దీపం పెట్టుకునే వస్తాడు. మానసిక యుద్ధం అని ఒకటుంటుంది. మన వాళ్లు ఏం చేస్తారో, ఎన్ని నిమిషాల్లో చేస్తారో చూడటానికి దీపం చాలు. చైనా లాంతర్లు కూడా వదిలి ఉండొచ్చు.

తెనాలి_తర్కం
లాంతరు మైనం కాసేపట్లో అయిపోతుంది, గాలి ఎటు వీస్తే అటు పోతుంది. రోజూ ఒకే దారిలో మూడు నాలుగు గంటలు నడిచే లాంతరు ఉంటే మా కార్తీక దీపాలకు నాలుగు పంపించమనండి.

వికారాబాద్_వాలా
మీ గొడవలో మా ఊరి కథ ఒకటి. 2022 డిసెంబరులో మర్పల్లి మండలంలో పొలంలో పెద్ద గుండ్రటి డబ్బా లాంటిది దిగింది. మా చిన్నమ్మ వాళ్ల ఊరు పక్కనే. ఏలియన్లు వచ్చినయని జనం బండ్ల మీద పోయి చూసిండ్రు. నేనూ పోయిన, అబద్ధం ఎందుకు. తీరా చూస్తే హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ వాళ్ల బెలూన్ కేంద్రం నుంచి వదిలిన బెలూన్‌కు కట్టిన క్యాప్సూల్. స్పెయిన్ కంపెనీ ఒకటి మనుషుల్ని అంతరిక్షం అంచు దాకా తిప్పుతామని పరీక్ష చేస్తుందట. పోలీసులు, రెవెన్యూ వాళ్లు వచ్చేదాకా సెల్ఫీలే సెల్ఫీలు. ఒకతను దానికి కొబ్బరికాయ కొడదామన్నాడు.

ఉల్లిగారెలు
కొట్టారా లేదా? అది చెప్పకుండా వెళ్లిపోతే ఎలా.

వికారాబాద్_వాలా
దుకాణం దూరం ఉండె.

మాధవరం_హవల్దార్
రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదు అనుకున్నా, పల్నాటి అబ్బాయి "బైనాక్యులర్ ఇచ్చిన మనిషికి తెలియదా" అన్న మాట గుచ్చుకుంది.

మాది మిలిటరీ మాధవరం. తాడేపల్లిగూడెం పక్కన. మా ఊళ్లో ఇంటికొకరు పట్టాళంలో పనిచేసినవాళ్లే. నేను ఆ 2012 నాటికి రిటైరై వచ్చేశాను, కాబట్టి థాకుంగ్ సంగతి నాకు మీకు తెలిసినంతే. కానీ అంతకు చాలా ముందు లద్దాఖ్‌లో రెండు శీతాకాలాలు చేశాను. ఏ పోస్టు, ఏ సంవత్సరం అని అడగొద్దు.

మొదటిసారి రాత్రి డ్యూటీ వేసిన వారంలో జరిగింది చెబుతాను. పద్నాలుగు వేల అడుగుల పైన. గాలి పల్చగా ఉంటుంది, దుమ్ము లేదు, పొగ లేదు, దగ్గర్లో ఒక్క కరెంటు బల్బు లేదు. మన ఊళ్లో చుక్క పొడవడం ఎవరూ చూడరు. అది మసకలోంచి పైకొచ్చి, కొబ్బరిచెట్లు దాటాక ఎప్పుడో కనపడుతుంది. అక్కడ అలా కాదు. కొండ అంచు కత్తితో కోసినట్టు నల్లగా ఉంటుంది. ఆ అంచు మీద ఏమీ లేదు, ఏమీ లేదు, ఒక్క క్షణంలో దీపం. ఎవరో టార్చి వేసినట్టే. కింద ఉన్నప్పుడు పచ్చగా, ఎర్రగా, ఒక్కోసారి ఆకుపచ్చగా కొట్టుకుంటుంది. నా గుండె జారిపోయింది. పక్కన ఉన్న గఢ్వాలీ కుర్రాడిని మోచేత్తో పొడిచాను. ఇద్దరం చూస్తున్నాం. కదులుతోంది. ఎడమకు వచ్చింది అన్నాడు వాడు. కాదు, మన వైపు వస్తోంది అన్నాను నేను. ఇద్దరం నిజమే చెప్పాం, ఇద్దరికీ అలాగే కనపడింది.

రాశాం, పంపాం. రెండో రోజూ రాశాం. నాలుగో రోజు మా సుబేదార్ సాబ్ వచ్చి మాతో పాటు కూర్చున్నారు. ఆయన ఏమీ అనలేదు. మా మోర్చా (కాపలా కందకం) ముందు రెండు రాళ్ల మధ్య ఒక ఇనుప కడ్డీ నిలబెట్టి, దాని మొన మీదుగా చూడమన్నారు. దీపం కదిలితే కడ్డీ నుంచి పక్కకు జరగాలి కదా. అరగంట చూశాం. పక్కకు ఊగడం లేదు, మీదికి రావడం లేదు. కొంచెం కొంచెంగా, ఏటవాలుగా, నింపాదిగా పైకి పోతోంది. పక్కన ఉన్న చుక్కలు కూడా దాంతో పాటే పోతున్నాయి. అప్పుడు అర్థమైంది.

సిగ్గు ఎందుకంటే, అది వేగుచుక్క. మా నాయనమ్మ అది చూసే లేచి వాకిట్లో కళ్లాపి చల్లేది. మా నాన్న అది చూసే ఎడ్లు కట్టేవాడు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని చూపించారు కూడా. అదే చుక్కను నేను రైఫిల్ పట్టుకుని, సేఫ్టీ మీద వేలు పెట్టి చూస్తున్నాను. ఇంటి దగ్గర చుట్టం, అక్కడ అనుమానితుడు.

కాబట్టి బాబూ, తెలియక కాదు. అక్కడ మాకు చెప్పేది ఒకటే: కనపడింది రాయి, నువ్వు అనుకున్నది రాయకు. "తూర్పున దీపం, ఇన్ని గంటలకు, ఈ దిక్కున" అని రాసేవాడు సరైన సిపాయి. "అది శుక్రుడులే" అని పడుకునేవాడు కాదు. వందసార్లు చుక్క రాసినా పరవాలేదు, నూటొకటోది చుక్క కాకపోతే?

పల్నాటి_పిల్లోడు
బాబాయ్ గారూ, తప్పుగా అనుంటే క్షమించండి. ఆ ఉద్దేశంతో అనలేదు.

మాధవరం_హవల్దార్
క్షమించడానికి ఏముంది అబ్బాయ్. నేను కూడా మొదట అదే అనుకున్నాను కదా, చైనావాడని.

గ్రహపాటు
హవల్దార్ గారు చెప్పిన ఆ "ఎడమకు, మన వైపుకు" సంగతి కంటి లక్షణం. చుట్టూ చీకటిగా ఉండి, ఒక్క దీపమే ఉంటే, దాన్నే చూస్తూ ఉంటే కన్ను తనకు తెలియకుండా చిన్నగా కదులుతూ ఉంటుంది. పోల్చుకోవడానికి పక్కన ఏమీ ఉండదు కాబట్టి మెదడు ఆ కదలికను దీపం నెత్తిన వేస్తుంది. పక్కవాడు "అదిగో ఎడమకు" అన్నాడా, ఇక ఇద్దరికీ ఎడమకే. ఇనుప కడ్డీ పెట్టిన సుబేదార్ గారికి నా దండం. మేం క్లబ్బులో పిల్లలకు చీపురుపుల్లతో ఇదే చేయిస్తాం.

కొరివిదెయ్యం
అంటే మా తాత పొలం గట్టు మీద చూసిన కొరివి దెయ్యం కూడా ఇదేనా? ఆయన నడిస్తే నడిచేదట, ఆగితే ఆగేదట. నా పేరు పెట్టుకున్నదే ఆ కథ మీద. పేరు మార్చుకోమంటారా?

తెనాలి_తర్కం
మీరు నడిస్తే నడిచి, ఆగితే ఆగేది చంద్రుడు కూడా. చాలా దూరంలో ఉన్న ఏ దీపమైనా అంతే, బస్సు కిటికీలోంచి చూడండి. పేరు ఉంచుకోండి, బాగుంది.

డ్రోనాచార్య
అందరూ కంటి మీద పడ్డారు. ఒక పాత కేసు చెబుతా. 1948 జనవరి 7, అమెరికాలో కెంటకీ. మాంటెల్ అనే పైలట్ ఆకాశంలో ఏదో మెరుస్తుంటే మస్టాంగ్ విమానంలో వెంటపడ్డాడు. ఆక్సిజన్ లేకుండా పైపైకి వెళ్లి స్పృహ తప్పి, విమానం కూలి చనిపోయాడు. వాళ్ల వైమానిక దళం మొదట ఏమంది? శుక్రగ్రహం అంది! తర్వాత ఎప్పటికో బయటపడింది, అది వాళ్ల నౌకాదళం రహస్యంగా వదిలిన స్కైహుక్ అనే పెద్ద బెలూన్ అయ్యుంటుందని. చూశారా? "శుక్రుడు" అనేది సైన్యాలకు అలవాటైన సాకు.

గ్రహపాటు
ఇది మంచి దెబ్బ. ఒప్పుకోవాలి. ఆ కేసులో శుక్రుడు అనడం తొందరపాటే. మిట్టమధ్యాహ్నం దాటిన వెలుగులో శుక్రుణ్ణి చూసి అన్నేసి మంది అంత పెద్దగా ఉందని చెప్పడం కష్టం. కానీ తేడా చూడండి. అక్కడ ఒక్క మధ్యాహ్నం, ఒక్కసారి. మళ్లీ చూసుకోవడానికి లేదు. ఇక్కడ ఏడు నెలలు, 329 సార్లు, ఒకటి సాయంత్రం పూట, ఒకటి తెల్లవారుజామున. బెలూన్ ఒక రోజు శుక్రుడిలా నటించగలదేమో గానీ నెలల తరబడి గురుడిలా రోజుకు నాలుగేసి నిమిషాలు ముందుగా వస్తూ నటించలేదు.

పల్నాటి_పిల్లోడు
నాలుగు నిమిషాలా? అదేంటి?

గ్రహపాటు
అసలు కీలకం అదే, నేనే ముందు చెప్పాల్సింది. ఏ చుక్కైనా నిన్నటి కంటే ఈ రోజు సుమారు నాలుగు నిమిషాలు ముందు ఉదయిస్తుంది. నెలకు రెండు గంటలు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది కాబట్టి. గురుడు తానూ నెమ్మదిగా కదులుతాడు కాబట్టి ఒక నిమిషం అటూ ఇటూ. శుక్రుడు వేగంగా కదులుతాడు, ఆయనకు ఈ లెక్క పట్టదు. గురుడు ఆగస్టులో అర్ధరాత్రికి వచ్చినవాడు డిసెంబరుకు సాయంత్రానికి వచ్చాడని పైన రాశాను చూడు, అది ఇదే లెక్క. చైనా పైలట్ అయితే ఆదివారం సెలవు తీసుకుంటాడు, మంచు పడితే మానేస్తాడు, టీ తాగి ఆలస్యంగా వస్తాడు. రోజూ నాలుగు నిమిషాలు ముందు డ్యూటీకి వచ్చే ఉద్యోగిని ఎక్కడైనా చూశావా?

ఫిబ్రవరికి ఏమైందో కూడా చూడు. శుక్రుడు సూర్యుడికి దగ్గరపడి వెలుగులో కలిసిపోయాడు. గురుడు పొద్దుగూకేసరికే దాదాపు నడినెత్తిన ఉన్నాడు, కొండ మీంచి లేవడం పగలే అయిపోయేది. ఆ 329 లెక్క కూడా ఫిబ్రవరితోనే ముగుస్తుంది.

రాడార్_రావు
ఇంకోటి. ఆ లైటు మీదికి చిన్న నిఘా డ్రోన్‌ను మన వాళ్లే ఒకసారి పంపారని వచ్చింది. దాని శక్తి మేరకు పైకి వెళ్లింది, లైటు మాత్రం అందలేదు, కనుమరుగైంది. నాకు నవ్వొచ్చినా ఆ ఆపరేటర్ మీద జాలేసింది. 61 కోట్ల కిలోమీటర్లు. బ్యాటరీ సరిపోదు.

ఉల్లిగారెలు
చార్జర్ తీసుకెళ్లాల్సింది.

ఫీనిక్స్_పద్మజ
నేను ఉండేది అరిజోనాలో, చాండ్లర్ దగ్గర. ఇక్కడ 1997 మార్చి 13 లైట్ల గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటారు. పక్కింటి ముసలాయన ఇరవై సార్లు చెప్పాడు నాకు. ఆ రాత్రి పది గంటల ప్రాంతంలో వరుసగా వెలిగిన లైట్లు సైన్యానివే. మేరీల్యాండ్ ఎయిర్ నేషనల్ గార్డ్ వాళ్ల ఎ-10 విమానాలు గోల్డ్‌వాటర్ రేంజ్ మీద వెలుగు కోసం వదిలిన ఫ్లేర్లు. పారాచ్యూట్ కట్టి ఉంటాయి, నెమ్మదిగా దిగుతాయి, కొండ వెనక్కి పోయినప్పుడు ఒక్కొక్కటే ఆరిపోయినట్టు కనపడతాయి. అదే రాత్రి అంతకు ముందు కనపడిన ఇంగ్లిష్ 'వి' ఆకారపు లైట్లను ఒక కుర్రాడు తన టెలిస్కోపులో చూసి విమానాలు అన్నాడు, ఎవరూ వినలేదు.

తమాషా ఏంటంటే అప్పటి గవర్నర్ సైమింగ్టన్ ప్రెస్‌మీట్ పెట్టి, తన సిబ్బందిలో ఒకాయనకు ఏలియన్ వేషం వేయించి తీసుకొచ్చి నవ్వించాడు. పదేళ్ల తర్వాత అదే మనిషి, నేను కూడా ఆ రాత్రి చూశాను, అది మామూలుది కాదు అన్నాడు. ఆయన కూడా ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసినవాడే. అందుకని నేను ఎవర్నీ వెక్కిరించను. ఒక్కోసారి సైన్యం వెతుకుతుంది, ఒక్కోసారి సైన్యమే వదులుతుంది.

తెనాలి_తర్కం
పద్మజ గారి చివరి మాటకు మన ఉదాహరణ. 2022 డిసెంబరు 15 సాయంత్రం కోల్‌కతాలో, ఒడిశాలో జనం ఆకాశంలో టార్చి వేసినట్టు వెలుగు చూసి గగ్గోలు పెట్టారు. అబ్దుల్ కలాం దీవి నుంచి అగ్ని-5 క్షిపణి వదిలారు ఆ సాయంత్రం. కింద చీకటి పడినా పైన అంత ఎత్తులో ఇంకా ఎండ ఉంటుంది, ఆ పొగ మీద ఎండ పడి వెలిగింది.

డ్రోనాచార్య
అమెరికా గురించి చెప్పారు కాబట్టి అదీ పూర్తిగా చెప్పండి. ఆకాశంలో కనపడే వింతల మీద విచారణకు వాళ్ల వైమానిక దళం ప్రాజెక్ట్ బ్లూ బుక్ అని 1969 దాకా నడిపింది. 12,618 కేసులు చూశారు. 701 ఏమిటో తేలలేదు. వాళ్లే ఒప్పుకున్నారు.

గ్రహపాటు
నిజమే, 701 తేలలేదు. "తేలలేదు" అంటే "వేరే లోకం నుంచి వచ్చింది" అని కాదు. సమాచారం చాలక ఆగిపోయిందని కూడా కావచ్చు. మా అపార్ట్‌మెంట్‌లో చెప్పులు పోయిన కేసు కూడా తేలలేదు, నేను అంగారకుణ్ణి అనుమానించడం లేదు. పెంటగాన్ వాళ్లు 2022లో మళ్లీ ఒక ఆఫీసు పెట్టారు. పాత ఫైళ్లన్నీ తిరగేసి, గ్రహాంతరవాసుల ఆధారం దొరకలేదని 2024లో రిపోర్టు ఇచ్చారు.

డ్రోనాచార్య
సరే. 2012వి గ్రహాలే అనుకుందాం. కానీ 2013 జులైలో గ్రహాలని వార్త వచ్చాక కూడా ఆగస్టు మొదట్లో లద్దాఖ్‌లోనే దెమ్‌చోక్ వైపు మళ్లీ లైట్లు కనపడ్డాయని వచ్చింది. పార్లమెంటులో అప్పటి రక్షణ మంత్రి ఆంటోనీ గారు కచ్చితమైన ఆధారం లేదన్నారు తప్ప ఏమిటో చెప్పలేదు. ఆ ఒక్కటీ నేను వదలను.

తెనాలి_తర్కం
వదలొద్దు. దానికి రోజువారీ చిట్టా బయటకు రాలేదు కాబట్టి నేనూ ఏమీ అనను. ఆ ఆగస్టు సాయంత్రాల్లో శుక్రుడు పడమట ఉన్నాడు అని మాత్రం స్టెల్లేరియం చెబుతోంది.

డ్రోనాచార్య
మళ్లీ శుక్రుడు!

ఉల్లిగారెలు
శుక్రుడి మీద ఇన్ని కేసులున్నాయి, బెయిలు ఎవరిస్తున్నారు?

పంచాంగం_పంతులు
గురుడే. ఇద్దరూ గురువులే కదా, ఒకాయన దేవతలకు, ఒకాయన రాక్షసులకు. ఒకే సరిహద్దులో ఇద్దరూ డ్యూటీ చేశారన్నమాట.

పల్నాటి_పిల్లోడు
ఐదు రోజులు కనపడలేదని తిట్టుకోకండి. హవల్దార్ బాబాయ్ చెప్పిన ఇనుప కడ్డీ పని నేను మా డాబా మీద చేశాను. మాకు తూర్పున పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు ఉంది. గ్రహపాటు గారిని మెసేజ్‌లో అడిగి, ఇప్పుడు తూర్పున వస్తున్నది గురుడే అని రూఢి చేసుకున్నా. ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దతో గీత గీసి, రోజూ అక్కడే కూర్చుని, ట్యాంకు అంచు మీద అది కనపడిన క్షణాన ఫోన్‌లో టైము రాశాను.

మొదటి రోజు 9:26. రెండో రోజు 9:22. మూడో రోజు మబ్బు. నాలుగో రోజు 9:13. ఐదో రోజు 9:09.

నాలుగు రోజుల తేడాకు 17 నిమిషాలు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అబద్ధం కాదు. మా బావమరిదికి ఫోన్ చేసి చెబితే, నీ ఫోన్ టైము తప్పేమో అన్నాడు.

మాధవరం_హవల్దార్
మూడో రోజు మబ్బు అని రాశావు చూడు, అది నచ్చింది నాకు. చాలామంది ఆ గడి నింపేస్తారు.

గ్రహపాటు
17 సరిగ్గా వచ్చింది తమ్ముడూ. ఇంకో పది రోజులు రాయి, ఆపకు.

రాడార్_రావు
కుర్చీ కాళ్లకు సుద్ద గీత గీయడం మంచి ఇంజినీరింగ్.

డ్రోనాచార్య
ట్యాంకు పక్కింటివాళ్లదా? వాళ్లు రోజూ కాస్త కాస్త కిందికి దించుతున్నారేమో చూడు.

పల్నాటి_పిల్లోడు
లేదు అన్నా. కానీ వాళ్లావిడ నాలుగో రోజు మా అమ్మను అడిగింది, మీ అబ్బాయి రోజూ రాత్రి మా ట్యాంకు వైపు చూస్తూ ఏదో రాసుకుంటున్నాడు, నీళ్ల లెక్క కడుతున్నాడా అని.

ఉల్లిగారెలు
అదిగో, వాళ్ల వైపు నుంచి కూడా రిపోర్టు వెళ్లింది.